కింది ఆకు

గోడకు అవతల పువ్వు పూస్తే నాకు ఇవతల కడుపు మండేది. ఈ మాట ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది గానీ, మండిన మాట నిజం. అప్పట్లో దానికి రకరకాల పేర్లు పెట్టుకున్నాను. శ్రద్ధ అన్నాను, పట్టుదల అన్నాను, బాటనీ డిపార్ట్‌మెంటులో పనిచేసేదానికి ఆ మాత్రం పంతం లేకపోతే ఎలా అని కూడా అన్నాను. అసలు పేరు కుళ్ళు. మా ఆయన దాన్ని ఆ పేరుతోనే పిలిచేవాడు, అందుకే ఆయనతో నాకు ఎప్పుడూ గొడవ.

తొంభైల నడిమి సంగతి ఇది. తార్నాకలో ఒకే కాంపౌండులో రెండు పోర్షన్లు, పెరటికి అడ్డంగా నడుమెత్తు గోడ. ఒక పోర్షన్‌లో మేము. రాయలసీమ నుంచి వచ్చినవాళ్ళం, మా ఆయన గవర్నమెంటు ఆఫీసులో గుమస్తా, నేను యూనివర్సిటీలో బాటనీ ల్యాబ్ అసిస్టెంటును. స్లైడ్లు సర్దడం, రసాయనాల సీసాలకు చీటీలు అంటించడం, పిల్లలు పగలగొట్టిన గాజు ఊడ్చడం నా పని. రెండో పోర్షన్‌లో గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆమె మౌలాలి దగ్గర ఒక స్కూల్లో లెక్కల టీచరు, ఆయన చర్చి ఆఫీసులో రాతకోతలు చూసేవాడు. ఆమె నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. సామాను దించిన రోజే గోడ మీదుగా "అక్కయ్యా, కాస్త అగ్గిపెట్టె ఉంటే ఇస్తారా అండి" అని పిలిచింది. ఆ రోజు నుంచి నేను ఆమెకు అక్కయ్యను, ఆమె నాకు టీచరమ్మ.

రెండు పోర్షన్లకూ ఒకటే బోరు. మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు గంటసేపు వచ్చేవి, అవి తాగడానికీ వండుకోడానికే చాలేవి కావు. మిగతా అన్నిటికీ బోరు నీళ్ళే. బకెట్టు అంచున, చెంబు అడుగున తెల్లటి పొర కట్టేది. గోకితే గోరులోకి సున్నంలా వచ్చేది.

మా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఏటా జనవరిలో పూల పోటీ పెట్టేవారు. ఉద్యోగులే కాదు, చుట్టుపక్కల కాలనీల వాళ్ళు కూడా కుండీలు తెచ్చి పెట్టవచ్చు. ఆ యేడు కుండీ చామంతిలో పేరు ఇద్దామని నేనే అనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా గోడ మీదుగా టీచరమ్మకు చెప్పాను. చెప్పడంలో నా ఉద్దేశం ఆమెను రమ్మనడం కాదు, నేను వెళ్తున్నానని తెలియజేయడం. ఆమె మాత్రం చేతులు తుడుచుకుంటూ వచ్చి "అయితే నేనూ పెడతానండి అక్కయ్యా, మీరు చెబుతుంటే నేర్చుకుంటాను" అంది.

మాణికేశ్వర్ నగర్ నుంచి సైకిల్ మీద క్యాంపస్‌కు వచ్చే ముసలి మాలి ఒకాయన ఉండేవాడు. జులైలో మా ఇద్దరికీ ఆయనే పిలకలు ఇచ్చాడు. ఇటుక రంగు పెద్ద పువ్వు రకం. ఒకే తల్లి దుబ్బు నుంచి విడదీసిన పిలకలు, ఒకే సైజు మట్టి కుండీలు, ఒకే కుప్పలోంచి ఎత్తిన ఎర్రమట్టి, పెంట ఎరువు. ఆరు కుండీలు ఆమెవి, ఆరు నావి. ఇంతకంటే సమానంగా మొదలైన పోటీ నేను ఎక్కడా చూడలేదు.

సెప్టెంబరు వచ్చేసరికి నావి పాలిపోయాయి. ఆమెవి నల్లగా కనబడేంత ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి.

మొదట నేను పెద్దగా పట్టించుకోనట్టు నటించాను. పొద్దున పళ్ళు తోముకుంటూ గోడ దగ్గర నిలబడి, ముందు ఆమె కుండీలు చూసి తర్వాత నావి చూసుకునేదాన్ని. ఆ వరసే తప్పు. ముందు నావి చూసుకుని ఉంటే కాస్త తేలికగా ఉండేదేమో. ఆమె స్కూలుకు వెళ్తూ "అక్కయ్యా, మీవి కొంచెం నీరసపడ్డట్టున్నాయండి" అంటే, కన్నబిడ్డకు జ్వరం వచ్చిందని పక్కింటివాళ్ళు చెప్పినంత కోపం వచ్చేది నాకు.

పసుపు రంగు అంటే నత్రజని తక్కువ. ఇది డిగ్రీ మొదటేడు పిల్లలకు కూడా తెలుసు. యూరియా తెచ్చి వేశాను. వారం ఆగి మళ్ళీ వేశాను. ఆకుల కొసలు మాడాయి, మధ్యలో పసుపు అలాగే ఉంది. దాంతోపాటు మా అమ్మ చేసిన పని కూడా చేశాను. మా ఊళ్ళో అమ్మ కనకాంబరాలకు నీళ్ళపొయ్యి బూడిద పిడికెడు పిడికెడు వేసేది, అవి విరగబూసేవి. ఇక్కడ మాకు పెరట్లో నీళ్ళు కాచే బాయిలర్ ఉండేది. దాని బూడిదతోనే గిన్నెలు తోముకునేదాన్ని. మిగిలింది చామంతులకు వేశాను. అవి పాలిపోయేకొద్దీ పిడికిలి పెద్దది చేశాను.

మాలి ఒకసారి వచ్చి కుండీల ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఏందమ్మా, గిట్లయినయ్? నీళ్ళు ఖరాబున్నయ్. గీ బోరు నీళ్ళల్ల సున్నం ఉన్నది."

"ఆమెకూ అదే బోరు గదా. ఆమెవి ఎట్లుండాయో చూడు" అన్నాను గోడ వైపు చూపించి.

ఆయన లేచి చూసి, తలపాగా సర్దుకుని, "గదే నాకు సమజైతలేదు" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

సమజు కాకపోవడమే నన్ను పీక్కుతినేది. ఆమెకు ఏదో తెలుసు, నాకు చెప్పడం లేదు. ఇదీ నా అనుమానం. ప్రతి శనివారం సాయంత్రం నా వంటింటి కిటికీలోంచి ఒకటే దృశ్యం. టీచరమ్మ నీళ్ళగది లోంచి సగం బకెట్టు గోధుమరంగు నీళ్ళు మోసుకొచ్చి, చెంబుతో ఆరు కుండీలకూ కొలిచినట్టు పోసేది. ఇంకేముంది, అదే మందు. చర్చికి అప్పుడప్పుడూ తెల్లవాళ్ళు వచ్చిపోయేవాళ్ళు కదా, ఏ దేశం నుంచో పొడి తెచ్చిచ్చి ఉంటారు, నీళ్ళల్లో కలిపి పోస్తోంది అని తేల్చుకున్నాను. అడగొచ్చు. గోడ మీద చెయ్యి వేసి "ఏంది టీచరమ్మా అది" అంటే సరిపోయేది. బాటనీ డిపార్ట్‌మెంటులో ఉన్నదాన్ని, లెక్కల టీచరును మొక్కల సంగతి అడగాలా? నోరు కట్టేసుకున్నాను.

అడగలేదు గానీ దొంగతనంగా చూశాను. ఒక ఆదివారం పొద్దున వాళ్ళు చర్చికి వెళ్ళాక, గోడ మీదుగా వంగి ఆమె కుండీలో చిటికెడు మట్టి తీసి వాసన చూశాను. పులుపు వాసన. ఓహో, పులియబెట్టిన వేరుశనగ చెక్క అనుకున్నాను. అది మా సీమలో లేని మందా! కుండలో చెక్క నానబెట్టాను. నాలుగో రోజుకు కాంపౌండంతా కంపు.

"ఏమే, ఈ ఇంట్లో మనుషులు ఉండాల్నా వద్దా?" అన్నాడు మా ఆయన ముక్కు మూసుకుని.

గోడ అవతలి నుంచి టీచరమ్మ "అక్కయ్యా, ఎలుకేదో చచ్చినట్టుందండి, మీకూ వాసన వస్తోందా?" అని అడిగింది. రావడం లేదని చెప్పాను.

చామంతులు మాత్రం కొత్త చిగుళ్ళతో సహా పాలిపోతూనే ఉన్నాయి. చివరికి సిగ్గు విడిచి ఒక ఆకు కోసి కాగితంలో చుట్టి మా ప్రొఫెసర్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ఆకును కిటికీ వెలుతురుకు పట్టి చూసింది.

"ఎక్కడి ఆకిది?"

"మా ఇంట్లో చామంతి, మేడమ్."

"అది కాదు. మొక్కలో ఎక్కడిది? పైదా, కిందిదా?"

నాకు గుర్తు లేదు. చేతికందింది కోశాను.

"పదేళ్ళుగా ఈ ల్యాబులో ఉన్నావు. రోగి ఏ వైపు నొప్పి అన్నాడో తెలియకుండా డాక్టరు దగ్గరికి వస్తారా?" అంది. పక్కన ఇద్దరు రీసెర్చి పిల్లలు ఉన్నారు. నా చెవులు వేడెక్కాయి. కానీ ఆవిడ చెప్పిన పాఠం ఈ రోజుకీ మర్చిపోలేదు. నత్రజని మొక్కలో కదిలే సరుకు. కరువొస్తే మొక్క ముసలి ఆకుల్లోంచి దాన్ని లాగి కొత్త ఆకులకు పెడుతుంది, అందుకని కింది ఆకులు ముందు పసుపవుతాయి. మెగ్నీషియం కూడా అంతే. ఇనుము అలా కాదు. ఏ ఆకులో చేరిందో అక్కడే కూర్చుంటుంది. కరువొస్తే లేత ఆకులే ముందు పాలిపోతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నాది ఇనుము కరువు. రెండు నెలలుగా నేను దానికి అడగని అన్నం కుక్కుతున్నాను.

ఇంటికొచ్చి ఈ పాఠమంతా గోడ మీదుగా టీచరమ్మకు అప్పగించాను, నా సొంత తెలివిలాగా. "ఆకు చూపించాలంటే ఎక్కడిదో చూసి కొయ్యాల. పైదా కిందిదా. అదే ముఖ్యం" అన్నాను. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని విని, "మీ దగ్గర ఉండటం మా అదృష్టమండి" అంది. ఆమె మాటల్లో ఎగతాళి ఉందేమోనని నేను వెతికాను. లేదు. లేకపోవడం ఇంకా ఒళ్ళు మండించింది.

అంబర్‌పేట్‌లో మూలికల కొట్టు నుంచి అన్నభేది తెచ్చాను. లేత ఆకుపచ్చ రంగు పలుకులు, ఇనుము ఉప్పు. నీళ్ళల్లో కరిగించి పోశాను. నాలుగు రోజులు కొత్త ఆకు కాస్త రంగు తిరిగినట్టే తిరిగి మళ్ళీ తెల్లబోయింది. మళ్ళీ పోశాను. నవంబరు చివర్లో మా పెద్దన్న కూతురి పెళ్ళికి ఊరెళ్ళాల్సి వచ్చింది, పన్నెండు రోజులు. బస్సెక్కే ముందు రోజు ఇంకోసారి అన్నభేది పోసి, నీళ్ళ బాధ్యత మా ఆయనకు అప్పజెప్పాను. ఆయన పెళ్ళి రోజుకు మాత్రం వచ్చి వెంటనే తిరిగి వెళ్ళిపోతానన్నాడు. "టీచరమ్మకు మాత్రం చెప్పొద్దు" అని గట్టిగా చెప్పాను.

తిరిగొచ్చి ఆటో దిగి, పెట్టె కూడా లోపల పెట్టకుండా పెరట్లోకి పోయాను. ఆరు కుండీల్లో పై ఆకులు ఆకుపచ్చ. నిజమైన ఆకుపచ్చ, ముదురుగా, గట్టిగా. మొగ్గలు చిటికెన వేలి కొస అంత అయ్యాయి. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అన్నభేది పనిచేసింది! మరునాడే ఒక ఆకు, పై ఆకు, గుర్తుపెట్టుకుని కోసి మేడమ్‌కు చూపించాను. ఆవిడ "బాగుంది" అంది. ఆ మూడక్షరాల కోసం పదేళ్ళు ఉద్యోగం చేశానేమో అనిపించింది.

సంతోషం రెండు రోజులు ఉంది. మూడో రోజు గోడ అవతల మొగ్గలు లెక్కపెట్టాను. ఆమె మొదటి కుండీలో పద్నాలుగు, నా మంచి కుండీలో తొమ్మిది. పైగా ఆమెవి లావు.

ఆ వారమే, డిసెంబరు మొదట్లో, టీచరమ్మ ఒక సాయంత్రం మా ఇంటికే వచ్చింది. పిల్లల పరీక్ష పేపర్ల కట్ట చంకలో, నోటుబుక్కు మధ్యలో జాగ్రత్తగా పెట్టి తెచ్చిన ఒక ఆకు.

"అక్కయ్యా, ఇది అన్నిటికన్నా కింది ఆకండి. మీరు చెప్పినట్టే చూసి కోశాను. పై ఆకులన్నీ బాగానే ఉన్నాయి. దీని అంచులు ఇలా అయిపోయాయి, చూసి చెప్పండి."

చూశాను. కింది ఆకు, అంచుల నుంచి లోపలికి పసుపు పాకుతోంది, ఈనెల వెంబడి ఆకుపచ్చ మిగిలింది, అక్కడక్కడా ఎరుపు జీర. నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. మెగ్నీషియం. మందుల షాపులో దొరికే ఎప్సమ్ సాల్ట్ రెండు చెంచాలు బకెట్టు నీళ్ళల్లో కలిపి పోస్తే రెండు వారాల్లో ఆగిపోతుంది. నా ల్యాబులో మూడో అరలో దాని సీసా ఉంది, చీటీ నేనే అంటించాను.

"ఏం కాదులే టీచరమ్మా" అన్నాను. "ముసలి ఆకులు. అవే రాలిపోతాయి. నీళ్ళు ఇంకొంచెం ఎక్కువ పొయ్యి."

"హమ్మయ్య" అంది ఆమె. ఆకును మళ్ళీ నోటుబుక్కులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తెలియక చెప్పిన మాట అయితే ఇక్కడ రాయాల్సిన పనే లేదు. నీళ్ళు ఎక్కువ పోస్తే కుండీలో మిగిలిన కాస్త మెగ్నీషియం కూడా అడుగు కన్నంలోంచి కొట్టుకుపోతుందని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ఆ రాత్రి అన్నం బాగానే తిన్నాను, నిద్ర కూడా బాగానే పట్టింది. ఇది కూడా రాయాలి.

ఆ తర్వాత రెండు మూడుసార్లు చెప్పెయ్యాలనిపించింది. ల్యాబులో మూడో అర తుడిచిన ప్రతిసారీ అనిపించింది. సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి ఆమె మొగ్గలు విచ్చుకోవడం చూడగానే ఆ మాట గొంతు దిగిపోయేది. ఆమె నేను చెప్పినట్టే రోజూ ఒక చెంబు ఎక్కువ పోసేది. కింద నుంచి ఒక్కో వరస ఆకులు పసుపై, గోధుమై, రాలేవి. రాలిన ఆకులు ఏరి ఒక పక్కన కుప్ప వేసేది. "ముసలివండి, మీరన్నట్టే పోతున్నాయి" అనేది.

క్రిస్మస్‌కు కేకు, అరిసెలు, నూనెలో వేయించిన గులాబీ పువ్వులు పళ్ళెంలో పెట్టి గోడ మీదుగా అందించింది. ప్రతి యేడూ ఆమె కుండీల పూలు చర్చి బల్ల మీదికి వెళ్ళేవి. ఆ యేడు కొయ్యలేదట. "పోటీకి ఉంచానండి. కాగితం పూలు పెట్టాం. పాస్టరుగారు కూడా నవ్వారు, బహుమతి తెచ్చి చూపించమన్నారు" అంది. నేను అరిసె కొరుకుతూ తల ఊపాను.

జనవరిలో పోటీ. క్యాంపస్‌లో చెట్ల కింద పొడుగు బల్లలు, మీద తెల్ల గుడ్డలు, వాటి మీద కుండీలు. టీచరమ్మా నేనూ ఒకే ఆటో ట్రాలీలో చెరొక కుండీ తెచ్చాం, దార్లో గుంతలొచ్చినప్పుడల్లా ఆమె ఒక చేత్తో తన కుండీ, ఇంకో చేత్తో నా కుండీ పట్టుకుంది. పక్కపక్కనే పెట్టారు. పూలు చూస్తే ఆమెదే. అంత పెద్ద పూలు ఆ బల్ల మీద ఎవరికీ లేవు. నాకు చూడబుద్ధి కాలేదు. కానీ కుండీ అంచు నుంచి జానెడు పైదాకా కాడలు బోసిగా, పుల్లల్లా ఉన్నాయి.

జడ్జీల్లో ఒకాయన పెన్సిలుతో ఆ కాడలు పక్కకు జరిపి చూసి, "పూలు చాలా బాగున్నాయమ్మా. కానీ కుండీ పోటీలో ఆకు అంచు దాకా నిండుగా ఉండాలి. కింద పట్టించుకోలేదు మీరు" అన్నాడు. టీచరమ్మ తప్పు చేసిన విద్యార్థిలాగా తల ఊపింది. నేను పక్కనే ఉన్నాను. ఆ కింద ఏం జరిగిందో ఆ బల్ల దగ్గర నాకొక్కదానికే తెలుసు.

మొదటి బహుమతి క్వార్టర్స్ నుంచి వచ్చిన ఎవరికో వెళ్ళింది. రెండోది నాకు. ఆమెకు ఏమీ రాలేదు. నా పేరు పిలిచినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆమే. నేను స్టీలు డబ్బా పుచ్చుకుని దిగుతూ ఆ చప్పట్ల మీద కూడా కుళ్ళుకున్నాను. నేనైతే అలా కొట్టి ఉండేదాన్ని కాదు.

ఆ వచ్చిన శనివారం మాకు ఒంటిపూట. బహుమతి వచ్చిందని చేసిన మైసూరుపాకు గిన్నెలో పెట్టుకుని, ఎప్పుడూ లేనిది, వాళ్ళ వెనక గుమ్మం గుండా వెళ్ళాను. టీచరమ్మ నీళ్ళగదిలో పీట మీద కూర్చుని ఉంది. ముందు గోనె పట్టా మీద చర్చి ఇత్తడి సామాను పరిచి ఉంది. దీపస్తంభాలు, కానుక పళ్ళేలు, పూల కూజాలు, చిన్న సిలువ ఒకటి. చేతిలో చింతపండు ముద్ద. తోమి, కడిగి, ఆ నీళ్ళు బకెట్టులో పడేలా వంచుతోంది.

గోధుమరంగు నీళ్ళు. పులుపు వాసన.

"రండక్కయ్యా. ప్రతి శనివారం ఈ పని నాదేనండి. ఆదివారానికి మెరవాలి కదా" అంది.

"ఈ నీళ్ళేనా చామంతులకు పోసేది?" అన్నాను.

"అవునండి. దేవుడి సామాను కడిగిన నీళ్ళు కాలవలో పొయ్యడం ఎందుకని. మీరు పెళ్ళికెళ్ళినప్పుడు మీ కుండీలకూ ఇవే పోశాను, రెండు శనివారాలు. అన్నయ్యగారు నీళ్ళు మర్చిపోతున్నారు, నేనే చూసుకుంటానన్నాను. మీకు చెప్పొద్దన్నారు, మీరు కోప్పడతారట" అని నవ్వింది.

నేను గిన్నె అక్కడ పెట్టి ఇంటికొచ్చి పెరట్లో నిలబడ్డాను. మా పెరటి మూలన పగిలిన సిమెంటు తొట్టిలో ఒక నందివర్ధనం ఉండేది. పూజకు నాలుగు పూలిచ్చే మొక్క, దాన్ని నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ప్రతి గురువారం సాయంత్రం శుక్రవారం పూజకని మా దీపపు కుందులు, హారతి పళ్ళెం చింతపండుతో తోమేదాన్ని. ఆ నీళ్ళు కాలికి తగలకూడదని ఆ మూల తొట్టిలో పోసేదాన్ని. పెళ్ళయిన నాటి నుంచి అదే అలవాటు. అదే బోరు, అదే ఎండ. ఆ నందివర్ధనం ఒక్క ఆకు కూడా ఏనాడూ పాలిపోలేదు. సున్నం నీళ్ళల్లో బిగుసుకుపోయిన ఇనుమును పులుపు విడిపిస్తుందని మేడమ్‌ను అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేది. నేను దేవుడి నీళ్ళు మూలన పోసి, పొయ్యి బూడిద పిడికిళ్ళతో చామంతులకు వేసి ఉన్న ఇనుమును ఇంకా బిగించాను. అన్నభేది కాదు నా మొక్కలను బతికించింది. నా డబ్బా కూడా నాది కాదు.

సోమవారం సాయంత్రం తార్నాక చౌరస్తాలో మందుల షాపులో ఎప్సమ్ సాల్ట్ పొట్లం కొన్నాను. ల్యాబు సీసాలోంచి తేవడానికి చెయ్యి రాలేదు. టీచరమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది. పొట్లం గోడ మీద పెట్టాను.

"ఇది నీళ్ళల్లో కలిపి పొయ్యి. ఆ కింది ఆకుల జబ్బుకు ఇదే మందు."

ఆమె పొట్లం చూసి నుదురు కొట్టుకుంది. "అయ్యో, మాలి కూడా ఇదే చెప్పాడండీ! డిసెంబర్లోనే. ఏదో ఉప్పు వెయ్యాలమ్మా, లేకపోతే కిందంతా పోతది అన్నాడు. నేనే కసిరాను. మా అక్కయ్య చూసి ఏం కాదంది, బాటనీలో పనిచేస్తుంది, ఆవిడకంటే నీకెక్కువ తెలుసా అన్నాను. పాపం, పెద్దాయన. చూశారా, నా బుద్ధి!"

నవ్వుతోంది, తన బుద్ధికి తనే. నేను కూడా నవ్వేసి లోపలికి వెళ్ళిపోవచ్చు. దారి ఆమే తెరిచి ఇచ్చింది. అంత నమ్మకం చూసి నాకు ఏడుపు వచ్చింది, ఏడుపుతో పాటు మళ్ళీ అదే కడుపుమంట. ఒక మనిషిని అలా నమ్మడం నాకెందుకు చేతకాదు?

"నాకు ఆ రోజే తెలుసు, టీచరమ్మా" అన్నాను. "ఆకు చూడంగానే తెలిసింది. నీ పూలు నా పూల కంటే బాగుండాయని చెప్పలేదు. నీళ్ళు ఎక్కువ పొయ్యమన్నదీ అందుకే."

ఆమె నవ్వు వెంటనే పోలేదు. కాసేపు మొహం మీద అలాగే ఉండి, తర్వాత మెల్లగా పోయింది. చేతిలోని లంగా మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. అవతల ఆమె కుండీలు వరసగా ఉన్నాయి, వాడిపోయిన పెద్ద పూలు, బోసి కాడలు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

గోడ మీద పొట్లం తీసుకుంది.

"ఎన్ని చెంచాలు వెయ్యాలి, మేడమ్?" అంది.

ఆమె వాళ్ళ హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడే గొంతు అది. నేను ఒకటి రెండుసార్లు విన్నాను.

"బకెట్టుకు రెండు" అన్నాను.

"సరేనండి" అని బట్టలెత్తుకుని లోపలికి వెళ్ళింది.

ఆ శనివారం నేను కిటికీ దగ్గరికి పోలేదు. చీకటి పడే ముందు పెరట్లోకి వస్తే, గోడకు మా వైపున ఒక బకెట్టు దింపి ఉంది. సగం దాకా గోధుమరంగు నీళ్ళు. అటు చూశాను, ఎవరూ లేరు. చెంబుతో ఆరు కుండీలకూ పోసి, బకెట్టు కడిగి గోడ మీద పెట్టాను.

మేము ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఇంకో మూడేళ్ళు పక్కపక్కనే ఉన్నాం. ఆమె నన్ను మళ్ళీ అక్కయ్యా అని పిలవలేదు. నీళ్ళు మాత్రం ఒక్క శనివారం కూడా మానలేదు.